బావగారి పేపర్ల జాబితా

ఆదివారం పూటంతా మా బావగారి పరిశోధన పేపర్ల జాబితా టైప్ చేస్తూ కూర్చున్నా. ఆయన ఇక్కడే హైదరాబాద్‌లో న్యూరాలజిస్టు. ప్రమోషన్ దరఖాస్తుకి పేపర్ పేరు, జర్నల్, ఏడాది, రచయితల్లో ఈయన ఎన్నోవాడు... అన్నీ గళ్లలో నింపాలి. "ఇన్ని రాసినాయన కరెంటు బిల్లు మాత్రం మర్చిపోతాడు" అంది అక్క, టీ ఇస్తూ.

మొదట విసుగే. తర్వాత వాటిలోని పక్షవాతం వైద్యం కథ పట్టుకుంది. పక్షవాతం వచ్చిన 3 గంటల్లోపు మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే మేలని 1995లో తేలింది. ఆ గడువు నాలుగున్నర గంటలకి పెరగడానికి 2008 దాకా పట్టింది. అంటే గంటన్నర కోసం పదమూడేళ్లు! 2015లో రక్తనాళంలోకి గొట్టం పంపి గడ్డని లాగేసే పద్ధతి నిలబడింది. 2018కల్లా, స్కాన్ చూసి ఎంచిన కొందరికి అది 24 గంటల వరకూ పనికొస్తుందని తేలింది.

మన పంజాగుట్ట నిమ్స్‌లో పక్షవాతం పేషెంట్ల రిజిస్ట్రీ (వివరాల నమోదు) మీది పేపర్ దగ్గరైతే ఆగిపోయా. పాశ్చాత్యుల్లో మెడలోని రక్తనాళాలు పూడటం ఎక్కువట, మనవాళ్లలో మెదడు లోపలివి. ఇలాంటివి మన పేషెంట్లని చూసి ఇక్కడివాళ్లే రాయాలి కదా.

"వీటిలో మీకు నచ్చిందేది బావగారూ?" అంటే ఒక చిన్న కేస్ రిపోర్టు (ఒక పేషెంటు కేసు గురించి రాసేది) చూపించారు. అందులో ఈయన పేరు నాలుగోది, దానికి మార్కులేం రావు. ఫారంలో దానికి గడి కూడా లేదు. "ఇతరములు" కింద పెట్టేశా.