నెల మధ్యలో "పోతానక్కా" అన్నప్పుడు

కర్నూలు, జనవరి చివరి వారం.

పొద్దున కొళాయి దగ్గర నలుగురు కలిస్తే ఈ రోజుల్లో మాట పనివాళ్ళ మీదికే పోతుంది. ఈ పొద్దూ అంతే. పండక్కి ఊరికి పోయొచ్చినామె సంచి కూడా విప్పకుండా, "అక్కా, నేను ఇంక ఉండలేను, ఊరికి పోతా" అనిందట ఒకరింట్లో. చేరి రెండు నెలలు కాలేదు. ఆ ఇంట్లో మంచం పట్టిన పెద్దాయన, పిల్లలేమో బెంగుళూరులో. మన ఊర్లో రాత్రింబవళ్ళు ఇంట్లోనే ఉండే మనిషిని పెట్టుకునేది ఎక్కువగా ఇట్లాంటి ఇళ్ళే. వంటకీ అంట్లకీ అయితే వచ్చిపోయే మనిషి సరిపోతుంది. ఆమె పోతానంటే ఇంటివాళ్ళకు ముందు కనపడేది ఈ రాత్రి ముసలాయన్ను ఎవరు చూడాలన్నదే. ఆ కంగారులోనే "అడ్వాన్సు కట్టి పో", "నెల నిండితేనే జీతం" అనే మాటలు వచ్చేస్తాయి.

ఆ రెండు మాటలూ రాకూడదు. మొదటి రోజు చేయాల్సింది కారణం అడగడం. పెద్దాయన ముందర కాదు, రాత్రి అలసిపోయి ఉన్నప్పుడు కాదు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు, ఇంట్లో ఒక్కరే కూర్చుని అడగాలి. ముగ్గురు నలుగురు చుట్టూ చేరితే అది పంచాయితీ అవుతుంది, ఆమె "ఊర్లో పని ఉంది" అని తేల్చేస్తుంది.

ఊర్లో పని నిజంగానే ఉండొచ్చు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నుంచి ఈ నెలల్లో కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. ఇంటిల్లిపాదీ పోతుంటే ఊర్లో పిల్లల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. దానికి మనం చేయగలిగింది లేదు, తేదీ అడిగి పంపాల్సిందే. కొన్ని కారణాలు అట్లా కాదు, ఒక మాటతో తీరిపోతాయి. వితంతు పింఛను 4,000 ఒకటో తేదీన ఊర్లో ఇస్తారు, రేషన్‌కు వేలిముద్ర వేయాలి. ఆ రెండు రోజులు పంపరేమోనని భయపడి ఏకంగా మానేసేవాళ్ళున్నారు. నెలకు రెండు రోజులు జీతం కోయకుండా పంపుతామంటే చాలు, ఆగిపోతారు.

అన్నిటికంటే పెద్ద కారణం నిద్ర. ఇది ఎవరూ నోరు తెరిచి చెప్పరు. పెద్దాయన రాత్రి నాలుగుసార్లు లేస్తే ఆమె నాలుగుసార్లు లేవాలి. మళ్ళీ ఐదింటికి కాఫీ. ఇట్లా నెల గడిచేసరికి ఎవరైనా పారిపోవాలనే చూస్తారు. ముందు మందుల చీటీ తీసి చూడాలి. ఒంట్లో నీరు తీసే మాత్ర సాయంత్రం పడుతుంటే రాత్రంతా మూత్రానికి లేవాల్సిందే. దాన్ని పొద్దుటికి మార్చవచ్చా అని డాక్టరును అడగాలి, సొంతంగా మార్చకూడదు. మంచం పక్కన మూత్రం పట్టే సీసా, కూర్చునేందుకు కమోడ్ కుర్చీ పెడితే బాత్రూం దాకా మోసే బాధ తప్పుతుంది. వారానికి రెండు రాత్రులు ఇంటివాళ్ళే చూసుకుని ఆమెను వేరే గదిలో, తలుపు వేసుకుని పడుకోనివ్వాలి. పగలు రెండు గంటలు ఆమెను ఎవరూ పిలవకూడదు. వెయ్యి రూపాయలు పెంచినా ఆగని మనిషి ఈ మార్పులకు ఆగడం నమ్మశక్యంగా ఉండదు గానీ, ఆగుతుంది.

ఇవన్నీ చెప్పినా పోతానంటే ఇక బతిమాలడం వద్దు. పదిహేను రోజులు ఆగగలవా అని అడగాలి. కుదరదంటే వారం, అదీ కాదంటే మూడు రోజులు. ఆ తేదీ ఇద్దరూ ఒప్పుకున్నదై ఉండాలి.

ఆ రోజే లెక్క కూడా చెప్పేయాలి. జీతం పట్టిపెడతారేమోనని భయపడే మనిషి ముందుగా చెప్పదు. జీతం చేతికి అందిన మర్నాడు తెల్లవారుజామున వెళ్ళిపోతుంది. మన పనామెలు చెప్పకుండా పోతారని తిట్టుకునే ఇళ్ళలో ఎక్కువ చోట్ల జరిగేది ఇదే.

నెలకు 15,000 అనుకుందాం. ఇంట్లోనే ఉండే మనిషికి ఇరవై ఆరు రోజుల లెక్క పనికిరాదు, ఆమెకు ఆదివారాలూ పనిరోజులే. ముప్పైతో భాగిస్తే రోజుకు 500. ఐదో తేదీన నెల మొదలై ఇరవై రెండున పోతుంటే, రెండు తేదీలూ కలిపి పద్దెనిమిది రోజులు, 9,000. ఇస్తామన్న సెలవుల్లో రెండు రోజులు పని చేయించుకుని ఉంటే ఇంకో 1,000. అడ్వాన్సు 10,000లో నెలకింతని 6,000 పట్టుకుని ఉంటే మిగిలింది 4,000. అది తీసేస్తే చేతికి 6,000. తిండి, సబ్బులు, పగిలిన గాజు గ్లాసు ఈ లెక్కలోకి రావు. ఏజెన్సీకి కట్టిన కమిషన్ కూడా మనకూ ఏజెన్సీకీ మధ్య వ్యవహారం, ఆమె జీతంలోంచి తీయకూడదు. వేరే మనిషిని పంపే గడువు రసీదు మీద రాసి ఉందేమో చూసుకుని వాళ్ళనే అడగాలి.

జీతం కంటే అడ్వాన్సే ఎక్కువ మిగిలితే? వదిలేయాలి, లేదా నెలకు ఐదొందలు ఫోన్‌పేలో పంపమనాలి. అది తీరేదాకా కదలొద్దని ఆపితే అది వెట్టిచాకిరీయే, 1976లోనే దాన్ని చట్టంతో నిషేధించారు. ఆధార్ కార్డు, ఫోను, చెవి కమ్మలు తీసి దగ్గర పెట్టుకోవడం ఇంకా ఘోరం. ఆధార్ లేక, వేరే గుర్తింపు కార్డు కూడా చేతిలో లేకపోతే ఆర్టీసీలో ఆడవాళ్ళకు ఉచితమన్న పల్లెవెలుగు బస్సులో కూడా ఆమె టికెట్టు కొనుక్కుని ఊరికి పోవాలి.

డబ్బు ఆమె సొంత ఖాతాలోకే వేయాలి, అన్న ఖాతాకో భర్త ఖాతాకో కాదు. నగదు అయితే ఆమె ముందు లెక్కపెట్టాలి. ఒక తెల్లకాగితం మీద చేరిన తేదీ, పోయే తేదీ, ఈ లెక్క, "ఇద్దరికీ ఇంకేమీ బాకీ లేదు" అని తెలుగులో రాసి, చదువు రాకపోతే గట్టిగా చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుని ఒక కాపీ ఆమెకివ్వాలి.

ఇంటివాళ్ళు మర్చిపోయేది ఆమె తలలో ఉన్న సమాచారం. ఇన్సులిన్ ఎన్ని యూనిట్లో చీటీలో ఉంటుంది. పెద్దాయన మాత్రను సంగటి ముద్దలో పెడితేనే మింగుతాడని చీటీలో ఉండదు. అందుకే మిగిలిన రోజుల్లో ఆమె చెబుతుంటే ఇంట్లో ఒకరు రాసుకోవాలి: ఏ గంటకు ఏ మందు, మూత్రం గొట్టం ఉంటే అది మార్చిన తేదీ, విరేచనం ఎన్ని రోజులకోసారి, జావ ఎంత పలచన. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద ఎర్రబడిందా అని చూడడం, తిన్నాక అరగంట తల ఎత్తుగా ఉంచడం కొత్తామెకు చేసి చూపించాలి, చెబితే సరిపోదు. పాతామె, కొత్తామె రెండు రాత్రులు కలిసి ఉంటే మంచిది. ఆ రెండు రోజులకు పాతామెకు విడిగా 1,000 ఇవ్వాలి, లెక్కలో కలిపేయకూడదు.

పెద్దాయనకు ఆమే చెప్పాలి. మతిమరుపు ఉన్నవాళ్ళయితే ఒకసారి చెబితే చాలదు, ఆమె పోయాక కూడా రోజూ వెతుక్కుంటారు. కొత్తామె చేతి అన్నం రెండు రోజులు తినకపోవచ్చు, అప్పుడు ఇంటివాళ్ళే తినిపించాలి.

పోయేరోజు సంచి విప్పించి వెతకొద్దు. తాళాలు, ఇంటి ఫోను, మందుల డబ్బా ఇద్దరూ కలిసి చూసుకుంటే చాలు. పెద్దాయన ఏటీఎం పిన్ ఆమెకు తెలిసి ఉంటే మార్చుకోవాలి, ఎవరు మానేసినా చేసే పనే ఇది. బస్సు పగటిపూటదై ఉండాలి, ఊరు చేరాక ఫోన్ చేయమనాలి.

చెప్పకుండా పోయిన మనిషి అయితే ముందు వాళ్ళింటికి ఫోన్ చేసి క్షేమంగా చేరిందో లేదో కనుక్కోవాలి. అక్కడికీ చేరలేదంటే పోలీస్ స్టేషన్‌కు పోవాలి. ఏదీ పోకుండానే దొంగతనం మాట ఎత్తొద్దు. ఆమె పనిచేసిన రోజుల డబ్బు మాత్రం పంపాల్సిందే.

కొత్తామె దొరికేదాకా రాత్రికి ఇంటివాళ్ళు, పగటికి పెద్దాసుపత్రి దగ్గర పన్నెండు గంటల డ్యూటీ చేసే ఆయమ్మలు. ఖర్చు ఎక్కువే, వారం పది రోజులకు తప్పదు. కొత్తామెతో జీతం మాట్లాడేటప్పుడే నిద్ర, నెలకు రెండు రోజుల సెలవు, మానాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అప్పుడు లెక్క ఎట్లా కడతారు అన్న నాలుగు సంగతులూ కాగితం మీద పెట్టాలి. అడ్వాన్సు అడిగితే సగం నెల జీతానికి మించి ఇవ్వకపోవడమే ఇద్దరికీ మంచిది.