పడిపోయిన గోడ ఎవరిది?

పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంటోంది. కిందటి వర్షాలకి మా పెరటికీ ఉత్తరం పక్కింటివాళ్ళ పెరటికీ మధ్యనున్న గోడ చాలా మేర కూలి సన్నజాజి పందిరి మీద పడింది. అదృష్టం కొద్దీ ఆ సమయానికి అటు ఎవరూ లేరు. మర్నాడు పక్కింటి మావయ్యగారు వచ్చి "అక్కగారూ, గోడ మీదే కదా, కాస్త తొందరగా కట్టించెయ్యండి, కుక్కలు దూరిపోతున్నాయి" అన్నారు. అమ్మేమో "అదేంటి తమ్ముడూ, గోడ మీ నాన్నగారు కట్టించింది, మీరే కట్టించుకోవాలి" అంది. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. ఇద్దరికీ అలాగే గుర్తుంది.

అమ్మ ఫోన్లో ఈ మాట చెబుతుంటే నాకు టెన్షన్ మొదలైంది. హద్దు తగాదాలు ఎలా ముదురుతాయో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. ముందు మాటలు ఆగిపోతాయి, తర్వాత పెళ్ళి పిలుపులు ఆగిపోతాయి, ఆ పైన కోర్టు. డెబ్భై దాటిన అమ్మకి అర్ధరాత్రి ఒంట్లో బాగోలేకపోతే విశాఖపట్నం నుంచి నేను వెళ్ళేలోపు చూసుకునేది ఆ పక్కింటివాళ్ళే. కాగితాలు చూసేదాకా ఎవరూ ఏమీ అనుకోవద్దని ఇద్దరికీ చెప్పి, ఆ శనివారం బయల్దేరాను.

హద్దు ఎక్కడ అన్నది ఒక ప్రశ్న, గోడ ఎవరిది అన్నది ఇంకో ప్రశ్న. గొడవలన్నీ ఈ రెండింటినీ కలిపేయడం దగ్గరే మొదలవుతాయని నాకనిపిస్తుంది. గోడ సరిగ్గా హద్దు మీదే ఉండొచ్చు. మొత్తంగా ఒకరి స్థలంలోనే ఉండొచ్చు. గోడకి అవతల కూడా కట్టినవాళ్ళ జాగా కొంత ఉండొచ్చు. పెంకుటిళ్ళ రోజుల్లో చూరు నీళ్ళు పక్కవాళ్ళ స్థలంలో పడకూడదని ఇంటి గోడ బయట జానెడో మూరెడో వదిలి కట్టుకునేవాళ్ళు. ఏళ్ళు గడిచాక ఆ జాగాలో పక్కవాళ్ళ అరటి మొక్కలు లేస్తాయి, అది వాళ్ళదే అనిపిస్తుంది. అలాంటి చోట ఊరుకోవడం కూడా మంచిది కాదు. ఒకరి స్థలాన్ని ఇంకొకరు తమదేనని బాహాటంగా పన్నెండేళ్ళు అనుభవిస్తే, దాన్ని తిరిగి అడిగే హక్కు పోయే పరిస్థితి 1963 లిమిటేషన్ చట్టంలో ఉంది.

"సర్వేయర్ని పిలిపిస్తే తేలిపోతుంది కదా" అన్నాడు మా తమ్ముడు. పొలమైతే నిజమే. ఎఫ్‌ఎంబీ అనే పొలాల కొలతల పటం ఉంటుంది, ఎఫ్‌-లైన్‌కి అర్జీ పెట్టుకుంటే కొలిచి హద్దు చూపిస్తారు. కానీ మా ఇళ్ళున్నది గ్రామకంఠంలో, అంటే ఊళ్ళో ఇళ్ళుండే నివాస స్థలంలో. ఎవరి ఇల్లు ఎంతవరకు అన్నది చెప్పే గీత మాకు పాత రెవెన్యూ పటంలో దొరకదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో ఊళ్ళలోని ఇళ్ళ స్థలాలు కొలుస్తున్నారు, అది మంచి పనే. అయినా పై నుంచి తీసిన బొమ్మ గోడ ఎక్కడుందో చూపిస్తుంది గానీ ఎవరు కట్టారో చెప్పదు. కాబట్టి మాకు మిగిలింది దస్తావేజులే.

నాన్న 1974లో ఇల్లు కొన్న దస్తావేజు తీశాను. చెక్కుబందీలో, అంటే నాలుగు వైపుల హద్దులు రాసే చోట, ఉత్తరం హద్దు దగ్గర పక్కింటాయన పేరు, "వారి ఇల్లు, దొడ్డి" అని ఉంది. గోడ మాటే లేదు. మన కాగితం ఒక్కటే చదివి ఆగిపోతే ఇక్కడితో సరి. హద్దుకి రెండు పక్కలుంటాయి కాబట్టి రెండు ఇళ్ళ కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవాలి. మావయ్యగారిని అడిగితే మొదట కాస్త తటపటాయించారు. మాకు మేం చూసుకుని దాచేసుకోవడానికి కాదని, ఆయన ముందే చదువుతానని చెప్పాక బీరువాలోంచి తెచ్చారు. మా ఇల్లు నాన్న కొన్నది ఆయన పెదనాన్న దగ్గరే. అంటే ఒకప్పుడు రెండూ కలిసి ఒకే ఇంటి స్థలం. నాన్న దస్తావేజులో "1952లో జరిగిన పారీఖత్తు ప్రకారం మాకు సంక్రమించిన" అని ఒక వాక్యం (పారీఖత్తు అంటే ఆస్తి పంపకం కాగితం), దాని పక్కనే దస్తావేజు నంబరు ఉన్నాయి. అసలు సంగతంతా ఆ పాత కాగితంలోనే ఉంటుందని నాకు అప్పుడే అనిపించింది.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం చెప్పే కాగితం, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్సులు వెతికించుకోవాలి. నంబరు, సంవత్సరం చేతిలో ఉంటే పని తేలిక. అర్జీ పెట్టుకున్న కొన్నాళ్ళకి నకలు వచ్చింది. గొలుసుకట్టు రాతను మావయ్యగారే కూడబలుక్కుని చదివారు. "నడుమ ఇటుక గోడ నూతి గట్టు వరకు ఉభయులకు ఉమ్మడి. మరమ్మత్తు ఖర్చు చెరి సగం భరించవలెను. నూతికి పడమరగా దడి బి షెడ్యూలుదారు వేసుకొనవలెను." బి షెడ్యూలు అంటే పంపకంలో రెండో వాటా, అది మావయ్యగారి నాన్నగారిది.

ఆ కాగితం పట్టుకుని ముగ్గురం పెరట్లోకి వెళ్ళాం. నుయ్యి ఇప్పుడు వాడటం లేదు, పైన రేకు కప్పి ఉంది. సరిగ్గా దాని గట్టుకి ఎదురుగా గోడలో పై నుంచి కింద దాకా ఒక నిలువు గీత కనిపించింది. ఇన్నేళ్ళూ దాన్ని బీట అనుకున్నాం. దగ్గరగా చూస్తే బీట కాదు. గీతకి తూర్పున పల్చటి పాత ఇటుకలు, మధ్యలో సిమెంటు కాదు, మట్టి అడుసు, పైన సున్నం పూత. పడమర వైపు ఇటుక మందంగా ఉంది, సిమెంటుతో కట్టారు, ఊతం దిమ్మెలన్నీ వాళ్ళ వైపే ఉన్నాయి. రెండు భాగాల ఇటుకలూ ఒకదాన్లో ఒకటి కలవలేదు. రెండు వేరువేరు గోడలు పక్కపక్కన నిలబడ్డాయంతే. దడి ఉన్న చోట మావయ్యగారి నాన్నగారు తర్వాత గోడ లేపారన్నమాట. అమ్మకి గుర్తున్నది అదే. తూర్పు భాగానికి ఏటా సున్నం వేయించింది, ఓసారి పెచ్చులూడితే బాగు చేయించింది మా నాన్న. మావయ్యగారికి గుర్తున్నది అది. కూలింది మొత్తం ఆ తూర్పు భాగమే, మట్టి అడుసు వాన నీళ్ళకి కరిగిపోయి.

కొలతలు కూడా ఉన్నాయి ఆ పారీఖత్తులో, నూతి గట్టు నుంచి ఇన్ని అడుగులని. టేపు పట్టుకుని చూస్తే జానెడు తేడా వచ్చింది. దాని మీద మేం పట్టుబట్టలేదు. అంకెలకీ, కళ్ళెదుట ఉన్న హద్దులకీ పొంతన కుదరనప్పుడు కోర్టులు కూడా మామూలుగా హద్దులకే విలువిస్తాయి. మేస్త్రీ చేత మట్టి తీయిస్తే పాత పునాది వరసగా బయటపడింది. కొత్త గోడ దాని మీదే లేపించాం, ఖర్చు చెరి సగం.

తర్వాత ఒక కాగితం రాసుకున్నాం. నుయ్యి నుంచి కొలతలు, పునాది ఫోటోలు, ఏ భాగం ఉమ్మడి, ఏ భాగం వాళ్ళది అన్న వివరం, రెండిళ్ళవాళ్ళ సంతకాలు. పాత హక్కునే గుర్తు చేసుకుంటున్నాం గనక మాకు అది సరిపోయింది. స్థలం గానీ హక్కు గానీ చేతులు మారే మాట ఉంటే స్టాంపు కాగితం మీద రాసుకుని ఊరుకోకూడదు, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు చేయించుకోవాల్సిందే. 1952లో ఆ అన్నదమ్ములు దడి సంగతి కూడా వదలకుండా రాయించి రిజిస్టరు చేయించబట్టే ఇవాళ మాకు దారి దొరికింది. వాళ్ళకి నేను నిజంగా ఋణపడి ఉన్నాను.

సన్నజాజికి కొత్త పందిరి వేయాలి. దాని తీగ కట్టాల్సిన మేకు పడమటి గోడకే రావాలి, అంటే వాళ్ళ గోడకి. అమ్మ వెళ్ళి అడిగింది. మావయ్యగారు సరేనన్నారు, మేకు తనే కొట్టించి పెడతానన్నారు.