తారా బ్రోచ్ వెనకవైపు

ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో టూరిస్టులు తిరిగే ఏ వీధికి వెళ్లినా కెల్టిక్ నగల షాపులే, అంటే ఐరిష్ వాళ్లు తమ పూర్వీకులుగా చెప్పుకునే కెల్టుల శైలి నగలవి. ముడుల లాకెట్లు, మూడు సుళ్ల చెవిపోగులు, రెండు చేతులు హృదయాన్ని పట్టుకున్న ఉంగరాలు. ప్రతి నగ పక్కనా ఓ చిన్న కార్డు ఉంటుంది. ఈ ముడి అంటే అంతులేని ప్రేమ, ఈ మూడు సుళ్లంటే పుట్టుక, బతుకు, చావు అని. నేను పెరిగింది కరీంనగర్‌లో, వెండి తీగ పని చేసేవాళ్ల ఇళ్ల పక్కన. నగ కనిపిస్తే అర్థం కంటే ముందు పనితనం చూస్తాను. అందుకే షాపుల సంగతి తర్వాత, ముందు మ్యూజియానికి తీసుకెళ్లమని ఆ ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్న మా అక్క కూతురిని అడిగాను.

కిల్డేర్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియంలోకి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. లోపల ట్రెజరీ అనే గదిలో ఉంది తారా బ్రోచ్. క్రీ.శ. 700 ప్రాంతంలో చేసింది. భుజాల మీద కప్పుకునే దుప్పటి లాంటి బట్ట జారిపోకుండా గుచ్చుకునే పెద్ద పిన్ను అది. బంగారు పూత వేసిన వెండి వలయం, అడ్డంగా తొమ్మిది సెంటీమీటర్లు కూడా లేదు. పిన్ను మాత్రం 32 సెంటీమీటర్ల పొడవు. ఆ చిన్న వలయంలో అంబర్ (రాయిలా గట్టిపడిన చెట్ల జిగురు), రంగు గాజు, ఎనామెల్, వాటి మధ్య గోరంత గళ్లలో బంగారు తీగతో అల్లిన జంతువులు. కరీంనగర్‌లో సన్నటి వెండి తీగలు మెలిపెట్టి, చిమటాతో వంచి, చట్రంలో అమర్చి అతికిస్తారు. ఆ పని చూసిన కళ్లకు ఇది కొత్త కాదు, కానీ ఇంత చిన్న చోట ఇంత పని ఎన్నడూ చూడలేదు. భూతద్దాలు లేని కాలంలో ఎలా చేశారో ఊహకు అందలేదు. చాలా గళ్లు ఖాళీగా ఉన్నాయి, వాటిలో కొన్ని దొరికిన తర్వాత పోయినవే. చూస్తుంటే బాధేసింది.

"చిన్నమ్మా, వెనక్కి రా, ఇటు చూడు" అని పిలిచింది మా అమ్మాయి. బట్టకు ఆనుకుని ఉండే వైపు, పెట్టుకున్నాక ఎవరికీ కనిపించని వైపు అది. అక్కడా అంతే శ్రద్ధగా పని చేశారు. రాగి, వెండి రంగుల్లో తిరిగే సుళ్లు. ఈ సుళ్లే అసలు పాత కెల్టిక్ పద్ధతి. స్విట్జర్లాండ్‌లోని లా టెన్ అనే చోటి పేరుతో పిలిచే ఈ శైలి క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో యూరప్‌లో మొదలైంది. ముందువైపు ఉన్న అల్లికలూ ముడులూ వేరు. అవి క్రైస్తవం వచ్చాక, మధ్యధరా ప్రాంతం నుంచీ ఇంగ్లండ్‌లోని ఆంగ్లో-శాక్సన్ల నుంచీ ఐర్లాండ్‌కు చేరినవి. అంటే మనం కెల్టిక్ అనగానే గుర్తొచ్చే ముడి, సుడి కంటే వెయ్యేళ్లు చిన్నది. ఫలానా ముడికి ఫలానా అర్థమని ఆ పనివాళ్లు ఎక్కడా రాసిపెట్టలేదు. కార్డుల మీది అర్థాలు మన కాలం వాళ్లు చెప్పుకున్నవి.

పేరూ తర్వాత వచ్చిందే. ఇది 1850లో దొరికింది తారా కొండ మీద కాదు, మీత్ కౌంటీలోనే బెట్టీస్‌టౌన్ సముద్రతీరంలో. వాటర్‌హౌస్ అనే డబ్లిన్ నగల వ్యాపారి కొని, ఐర్లాండ్ రాజుల పీఠమైన తారా పేరు తగిలించాడు, నకళ్లు చేసి అమ్మాడు. 1851లో లండన్ మహా ప్రదర్శనలోనూ పెట్టారు. పెద్ద కరువుతో జనం చచ్చిపోతూ, ఓడలెక్కి వలసపోతున్న రోజులవి. మా పూర్వీకులు ఇంతటి పనివాళ్లు అని చెప్పుకోవడానికి ఆ దేశానికి ఒక వస్తువు కావలసి వచ్చింది. ఆ పేరు వ్యాపారం కోసం పెట్టిందైనా నాకు తప్పనిపించలేదు.

మరుసటి ప్రయాణం న్యూగ్రేంజ్ అనే పురాతన సమాధికి. విజిటర్ సెంటర్ నుంచి వాళ్ల బస్సులోనే వెళ్లాలి. గుట్టలా కనిపించే ఆ సమాధి గుమ్మం ముందున్న పెద్ద రాయి నిండా సుళ్లు. లోపలి గదిలో మూడు సుళ్లు కలిసిన చెక్కడం కూడా ఉంది. లాకెట్ల మీద కెల్టిక్ గుర్తని అమ్మేది దీన్నే. కట్టింది మాత్రం క్రీస్తు పూర్వం 3200 ప్రాంతంలో, కెల్టులనే మాట వినపడక ముందు, ఐర్లాండ్‌కు లోహమే తెలియని రోజుల్లో. రాతితో రాతి మీద చెక్కారు. ఆ గీతల దగ్గర నిలబడ్డాక షాపులో కార్డు మీది మాటలు నాకు చాలా చిన్నవిగా అనిపించాయి.

అర్థం నిజంగా నగతోపాటే ఉన్నది పడమటి తీరంలోని గాల్వే ఊళ్లో. కోరిబ్ నది సముద్రంలో కలిసే చోట, స్పానిష్ ఆర్చ్ అనే పాత రాతి తోరణానికి అవతలి ఒడ్డున క్లాడా అనే జాలర్ల పేట ఉంది. పాత గడ్డి కప్పు ఇళ్లను 1930ల్లో తీసేశారు, ఇప్పుడు మామూలు ఇళ్లే. క్లాడా ఉంగరం పేరు ఈ పేట నుంచే వచ్చింది. చేతులు స్నేహం, హృదయం ప్రేమ, కిరీటం విధేయత. చేతిలో చెయ్యి వేసిన ఉంగరాలు రోమన్ల కాలం నుంచీ యూరప్‌లో ఉన్నాయి, హృదయమూ కిరీటమూ చేర్చింది గాల్వే. రిచర్డ్ జాయిస్ అనే గాల్వే కుర్రాడిని సముద్రపు దొంగలు ఎత్తుకెళ్లి అల్జీర్స్‌లో ఒక కంసాలికి అమ్మారనీ, అక్కడ పని నేర్చుకుని, విడుదలై వచ్చి ఈ ఉంగరం చేశాడనీ కథ. 1700 ప్రాంతపు పాత ఉంగరాల మీద ఆర్.ఐ. అనే అక్షరాల ముద్ర ఉంది (అప్పట్లో జె బదులు ఐ వాడేవాళ్లు), దాన్ని ఆయనదిగానే చెబుతారు.

పెట్టుకునే తీరులోనూ అర్థం ఉంది. కుడిచేతికి, హృదయం మొన వేలి కొస వైపుంటే ఇంకా ఎవరూ లేరని. లోపలికి తిప్పితే మనసు ఇచ్చేశారని. పెళ్లయితే ఎడమచేతికి. మా అమ్మాయి ఒక వెండి ఉంగరం తీసుకుంది. కొనేముందు లోపలివైపు చూడమన్నాను. లోహం స్వచ్ఛతను పరీక్షించే డబ్లిన్ అస్సే ఆఫీసు ముద్ర, ఐర్లాండ్‌కు ప్రతీకగా కూర్చున్న హిబర్నియా అనే స్త్రీ బొమ్మ, పక్కన తయారీదారు అక్షరాలు. ఐర్లాండ్‌లో కొనేవాళ్లు కార్డు చదివే ముందు ఆ ముద్ర వెతకండి. అది లేని ఉంగరాలు కూడా అదే వీధిలో అదే అర్థాలతో అమ్ముతున్నారు.