మా అమ్మాయి లెక్కల టీచర్

టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మా అమ్మాయి లెక్కల టీచర్‌ది మెక్సికన్ కుటుంబం. పేరెంట్ మీటింగ్‌కి ఇంగ్లీషు రాని మా అత్తయ్యగారూ వచ్చారు. టీచర్ ముందుగా ఆవిడకే కుర్చీ వేసి, ఒక్కో మాటా నేను తెలుగులో చెప్పేదాకా ఓపిగ్గా ఆగింది. చిన్నప్పుడు వాళ్లమ్మకి స్కూల్లో అన్నీ తనే చెప్పేదట. అదీ సంగతి!

బొలీవియా నుంచి అమెరికా వచ్చిన లెక్కల మేష్టారు హైమే ఎస్కలాంటే గుర్తొచ్చారు. 1982లో, తూర్పు లాస్ ఏంజెలస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో ఆయన దగ్గర చదివిన 18 మంది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాలిక్యులస్ అనే కాలేజీ స్థాయి లెక్కల పరీక్ష పాసైతే, వాళ్లలో 14 మందిని కాపీ కొట్టారేమోనని అనుమానించారు. మళ్లీ రాసిన 12 మందీ పాసయ్యారు. ఇంటి పరిస్థితి తెలిసిన మేష్టారు పిల్లల మీద పెట్టుకునే నమ్మకమే వేరు.

టెక్సాస్ ప్రభుత్వ బడుల్లో సగానికి పైగా హిస్పానిక్ పిల్లలే, అంటే మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లే. టీచర్లలో వాళ్లు మూడో వంతు కూడా లేరు. ఇది మాత్రం నాకు మింగుడు పడట్లేదు.