నామినీ పేరు

ఈరోజు సెలవు. వాయిదా వేస్తూ వచ్చిన పనులు కొన్నైనా తెముల్చుకుందామని బ్యాంక్ యాప్ తెరిస్తే, ముందు నామినీ వివరాలు నింపమంది. పేరు, సంబంధం, పుట్టిన తేదీ, చిరునామా. ఎక్కడా చావు అన్న మాట లేదు, కానీ ఆ గళ్ళన్నీ అడిగేది దాని గురించే. చెల్లి పేరు రాశాను. పిన్‌కోడ్ గుర్తు రాక ఫోన్ చేశాను.

"ఇప్పుడెందుకక్కా అవన్నీ?" అంది. గొంతు మారింది.

"ఊరికేనే, ఫారంలో అడిగారు" అన్నాను. పిన్‌కోడ్ చెప్పింది గానీ ఫోన్ పెట్టలేదు. చిన్నప్పుడు కిటికీ పక్క మంచం ఎవరిదన్న పాత గొడవ మళ్ళీ తవ్వుకుని, ఇద్దరం పట్టు వదలకుండా వాదించుకుని, చెవి దగ్గర ఫోన్ వేడెక్కేదాకా మాట్లాడుకున్నాం. ఆ తర్వాత బట్టలు మడతపెడుతున్నా, ఇల్లు ఊడుస్తున్నా ఆమె గొంతు మారిన ఆ క్షణమే బుర్రలో తిరుగుతోంది.

చావుకి భయపడక్కర్లేదని ఎపిక్యూరస్ చెప్పిన వాదం చాలా ప్రసిద్ధం. క్రీ.పూ. 341లో పుట్టిన గ్రీకు తత్వవేత్త ఆయన. మనం ఉన్నంతసేపూ చావు లేదు, చావు వచ్చాక మనం లేము, ఇక బాధపడేదెవరు అంటాడు. తర్వాత లుక్రీషియస్ అనే రోమన్ కవి ఇదే దారిలో ఇంకో మాట కలిపాడు: పుట్టకముందు గడిచిపోయిన అనంతమైన కాలం గురించి మనకి బెంగ లేదు కదా, పోయాక రాబోయే కాలమూ అంతే. మొదటిసారి చదివినప్పుడు నాకు నిజంగానే గుండె తేలికపడింది. 1970లో థామస్ నాగెల్ అనే అమెరికన్ తత్వవేత్త దీనికి జవాబు రాశాడు. చావులో చెడు అంటే నొప్పి కాదు, బతికుంటే దక్కేదంతా దక్కకుండా పోవడమే అని. ఇది నాకు ఇంకాస్త నిజమనిపిస్తుంది.

అయినా ముగ్గురూ లెక్క వేసింది పోయేవాళ్ళ వైపు నుంచే. చెల్లి గొంతు మారింది తన చావు తలుచుకుని కాదు. నాకు గుబులు పుట్టిందీ నేను లేకుండా పోతానని కాదు, ఏదో ఒక రోజు ఆమె నా మరణ ధ్రువపత్రం పట్టుకుని ఏదో కౌంటర్ ముందు నిలబడాలే అని. అది తిరగబడి, నిలబడాల్సింది నేనే అయితే? ఆ ఆలోచన దగ్గర ఎపిక్యూరస్ వాదం నాకు అక్కరకు రాలేదు. నా చావు వచ్చినప్పుడు నేను ఉండను, సరే. ఆమెది వస్తే మాత్రం నేను ఉంటాను, పూర్తిగా ఉంటాను.

మధ్యాహ్నం యక్ష ప్రశ్నలు గుర్తొచ్చాయి. రోజూ ప్రాణులు పోతూనే ఉన్నా మిగిలినవాళ్ళు తాము శాశ్వతం అనుకుంటారు, ఇంతకంటే ఆశ్చర్యం ఏముంది అన్న జవాబు అందరూ చెబుతారు. యక్షుడు దాంతో పాటే సుఖంగా ఉండేదెవరని కూడా అడిగాడు. అప్పు లేకుండా, పరాయి చోట బతకాల్సిన గతి పట్టకుండా, రోజు చాలా భాగం గడిచాకైనా తన ఇంట్లో తాను ఇంత కూర వండుకునేవాడు అన్నాడు ధర్మరాజు. ఇందులో సంపద లేదు, కీర్తి లేదు, మోక్షం ఊసు కూడా లేదు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఉన్న పరిస్థితి చూడాలి. రాజ్యం లేదు, ఇల్లు లేదు, ఉన్నది అరణ్యవాసంలో. కళ్ళెదుట నీటి ఒడ్డున నలుగురు తమ్ముళ్ళూ చచ్చిపడి ఉన్నారు. తనకి లేనిదాన్నే సుఖం అంటున్నాడు, గొంతు వణక్కుండా. ఒక్కణ్ణి బతికిస్తాను, కోరుకోమంటే భీముణ్ణో అర్జునుణ్ణో అడగలేదు, నకులుణ్ణి అడిగాడు. కుంతికి కొడుకుగా నేనున్నాను, మాద్రికీ ఒకడు మిగలాలి అన్నాడు. మాద్రి అప్పటికే లేదు! లేని తల్లికి కూడా లోటు రాకూడదనుకున్న ఆ మనసు దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ముందు చెప్పిన ధర్మసూక్ష్మాలన్నిటికంటే నాకు ఆ ఒక్క కోరికే పెద్దదిగా కనిపిస్తుంది.

ఎపిక్యూరస్ విషయంలోనూ అంతే. క్రీ.పూ. 270లో, చివరి రోజున, భరించలేని నొప్పితో ఉండి ఐడొమెనియస్ అనే మిత్రుడికి ఉత్తరం రాశాడు. మన పాత సంభాషణలు తలుచుకుంటే కలిగే ఆనందం ఈ నొప్పికి ఎదురు నిలుస్తోందన్నాడు. తనకంటే ముందే పోయిన స్నేహితుడు మెట్రొడోరస్ పిల్లల్ని చూసుకోమని అడిగాడు. చావంటే మనకేమీ కాదని జీవితమంతా బోధించిన మనిషి, తన చావు ముందు కూర్చుని, మిగిలేవాళ్ళకి ఏం కావాలో ఆలోచించాడు. ఆయన వాదం నన్ను ఒప్పించలేదు, ఈ ఉత్తరం ఒప్పించింది.

ఆ సంభాషణల్లో ఏం మాట్లాడుకున్నారో ఉత్తరంలో లేదు. ఇద్దరికీ తెలిసినవే కాబట్టి రాయనక్కర్లేదు అనుకుని ఉంటాడు. అన్నీ తత్వచర్చలే అయ్యుంటాయంటే నేను నమ్మను.