ఉప్పు సముద్రంలో అమ్మ మునగలేదు, బెలూన్ మాత్రం ముడతలు పడింది

జోర్డాన్ వైపు హోలీల్యాండ్ టూర్ వెళ్లేవాళ్లందరిదీ దాదాపు ఒకటే రూటు, అమ్మాన్‌లో దిగడం, మాదబా, నెబో కొండ, అక్కడ్నుంచి కిందకి యొర్దాను నది, చివర్లో ఉప్పు సముద్రం అదే డెడ్ సీ. మా బ్యాచ్ కూడా అంతే. గుంటూరు, బాపట్ల, ఒంగోలు చుట్టుపక్కల సంఘాల వాళ్లం, అయ్యగారు, అమ్మగారు, రిటైరైన టీచరమ్మలు కొందరు, నాలుగేళ్ల పిల్లాడితో ఒక జంట. నేను అమ్మకి తోడుగా వెళ్లా. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తానని అందరికీ తెలిసిపోయింది కాబట్టి దారిలో ఏ వింత కనిపించినా "మాస్టారూ ఇదేంటి" అని నా సీటు వైపు తిరిగేవాళ్లు. నిజం చెప్పాలంటే నాకూ అదే కావాలి.

నెబో కొండ మీద మోషే నిలబడి వాగ్దాన దేశం చూశాడన్న చోట అయ్యగారు వాక్యం చదివారు, ప్రార్థన అయింది, మంచు లాంటి మసక ఉంది గానీ దూరంగా కింద సముద్రం బూడిద రంగు చారలాగా కనపడింది. అసలు సంగతి అక్కడ్నుంచి బస్సు కొండ దిగడం మొదలుపెట్టాక. సముద్ర మట్టానికి సుమారు ఏడొందల మీటర్ల పైనుంచి మొదలై మట్టానికి 430 మీటర్లకి పైగా కిందకి పోతాం, మధ్యలో రోడ్డు పక్కన సీ లెవెల్ అని గుర్తు వస్తుంది, దాన్ని దాటి ఇంకా కిందకి దిగుతూనే ఉంటాం, నాకైతే ఆ బోర్డు చూసి ఒళ్లు గగుర్పొడిచింది, మన వైపు అంత కిందకి వెళ్లాలంటే బోటు మునగాలి. చెవులు దిబ్బళ్లు వేశాయి, అమ్మ నోట్లో లవంగం వేసుకుని చప్పరిస్తూ కూర్చుంది.

పొద్దున అమ్మాన్ హోటల్లో సగం తాగి గట్టిగా మూత పెట్టిన వాటర్ బాటిల్ ఒకటి నా సీటు ముందు సంచిలో ఉంది. కిందకి దిగేసరికి ఎవరో చేత్తో నొక్కినట్టు పక్కలు లోపలికి పోయాయి. బాటిల్లో గాలి అదే, ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు, కానీ బయట గాలి బరువు పెరిగింది. మన నెత్తి మీద గాలి ఒక దొంతర లాగా ఉంటుంది, భూమి దాన్ని కిందకి లాగి పట్టుకుంటుంది, అట్టడుగున ఉన్న గాలి పైనున్న గాలంతటి బరువూ మోస్తుంది కాబట్టి నలిగి చిక్కబడుతుంది. అమ్మాన్‌లో గాలి ఒత్తిడి సుమారు 910 మిల్లీబార్లు ఉంటే డెడ్ సీ ఒడ్డున 1060 దాటుతుంది. లెక్కేస్తే బాటిల్లో గాలి పరిమాణం ఓ ఏడో వంతు తగ్గిపోవాలి, చూస్తే అంతే తగ్గింది. ఊపిరి సరిగా ఆడనివాళ్లు ఇక్కడికి వచ్చి ఉంటారంటే ఊరికే కాదు, ఆక్సిజన్ శాతం ఎక్కడైనా అదే 21, కానీ గాలే చిక్కగా ఉన్నప్పుడు ఒక్కో శ్వాసకి మామూలు సముద్ర తీరం కన్నా ఓ 5 శాతం ఎక్కువ వస్తుంది.

ఇక పిల్లాడి బెలూన్ కథ. అమ్మాన్‌లో వాళ్ల నాన్న వెండి రంగు హీలియం బెలూన్ ఒకటి కొనిపెట్టాడు, చేప బొమ్మది, సాగే రబ్బరు కాదు, మెరిసే కాగితం లాంటి ప్లాస్టిక్ ఉంటుందే అది. బస్సు దిగేకొద్దీ దానికి ముడతలు పడ్డం మొదలైంది, చేప బక్కచిక్కింది, పిల్లాడు గ్యాస్ పోయిందని ఏడుపు. వాళ్లమ్మ కూడా "కొన్నప్పుడే చెప్పా, చెత్త సరుకని" అని మొగుడి మీద ఎగిరింది. నేను దారం పట్టుకుని చూశా, పైకి గుంజడం ఏమాత్రం తగ్గలేదు. ఇది క్లాసులో చెప్తే పిల్లలు చచ్చినా నమ్మరు. బెలూన్ సైజు తగ్గింది నిజమే, కానీ అదే లెక్కన చుట్టూ గాలి చిక్కబడింది, అంటే అది పక్కకి తోసే గాలి బరువు మొత్తం మీద మారలేదు, లోపల హీలియం బరువూ మారలేదు, అందుకని లాగే బలం అంతే. సన్నబడినా సత్తువ తగ్గలేదన్నమాట. మర్నాడు మళ్లీ అమ్మాన్ ఎక్కాక చేప బొద్దుగా అయింది, ఆయన భార్య వైపు ఒక చూపు చూశాడు చూడండి.

ఆ బెలూనే ఇంకో తమాషా చూపించింది. మలుపులో మేకల మంద అడ్డం వస్తే డ్రైవర్ గట్టిగా బ్రేక్ వేశాడు, మా తలకాయలన్నీ ముందుకి ఊగాయి, బెలూన్ మాత్రం వెనక్కి జరిగింది. బస్సులో గాలికి కూడా బరువుంది కదా, మనలాగే అదీ ముందుకి తోసుకొచ్చింది, దానికన్నా తేలికైన హీలియం చోటు ఖాళీ చేసి వెనక్కి పోయింది. పైకి లేవడం కూడా ఇదే పనండీ, బరువైన గాలి కిందకి దిగుతూ తేలికైనదాన్ని పైకి నెట్టేస్తుంది.

యొర్దాను నది దగ్గర ఎక్కువసేపు ఉండనివ్వలేదు. ఊహించుకున్నంత పెద్ద నది కాదు, ముదురు మట్టి రంగు, అవతలి ఒడ్డు రాయి విసిరితే తగిలేంత దూరం, అక్కడా తెల్ల అంగీలు వేసుకున్న జనం. అందరం ఏడుపు ఆపుకుంటూ మునిగాం. ఇక్కడి నీళ్లు డెడ్ సీ అంత చిక్కనివి కావు, మనిషి ఒంటి సాంద్రతకీ వీటికీ దాదాపు సమానం, మెట్ల పక్క రాడ్ పట్టుకుని ముక్కు మూసుకుంటే హాయిగా మునిగిపోవచ్చు. ఇదే నీళ్లు కాస్త దక్షిణంగా పోయి ఉప్పు సముద్రంలో కలుస్తాయి, కలిశాక బయటికి దారి లేదు, ఎండకి ఆవిరవడమే. నీళ్లు పోతాయి ఉప్పు మిగులుతుంది, వేల ఏళ్లుగా ఇదే వరస.

డెడ్ సీ ఒడ్డున లైఫ్‌గార్డు ముందే గట్టిగా చెప్పాడు, ఈత కొట్టొద్దు, నీళ్లు చిమ్ముకోవద్దు, బోర్లా అస్సలు పడుకోవద్దు, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలండి చాలు అని. అమ్మకి నీళ్లంటే భయం లేదు, మాది చినగంజాం, పెళ్లయిన కొత్తలోంచీ ఉప్పు కొఠారులో పనిచేసిన మనిషి. నడుం లోతు దాకా నడిచి వెనక్కి వాలింది, అంతే, రెండు కాళ్లూ ఠపీమని పైకి లేచాయి, మోకాళ్లు, పాదాలు, భుజాలు అన్నీ నీళ్ల పైన. "ఒరే నన్నెవరో కిందనించి ఎత్తుతున్నార్రా" అని అరిచింది. మళ్లీ కాళ్లు కిందకి దించుదామంటే దిగవు, అదో కుస్తీ. అమ్మ బరువు 60 కిలోలు, ఆ నీళ్లు లీటరు 1.24 కిలోలు తూగుతాయి, అంటే 48 లీటర్ల మేర మునిగితే చాలు 60 కిలోలకి సరిపడా నీళ్లు పక్కకి తప్పుకుంటాయి. మిగతా ఐదో వంతు మనిషి బయటే.

ఒక చుక్క పెదవికి తగిలి మొహం చిట్లించింది, "ఇది ఉప్పు కాదురా, మనం మళ్లలోంచి చివర్లో వదిలేసే చేదు నీళ్లు" అంది. నేను అవాక్కయ్యా, ఎందుకంటే సరిగ్గా అదే. కొఠారుల్లో గాజు గొట్టం నీళ్లలో తేల్చి వాటి చిక్కదనం డిగ్రీల్లో చూస్తారు, మామూలు సముద్రం నీళ్లు 3 డిగ్రీలు, 25 దగ్గర ఉప్పు గడ్డకట్టడం మొదలు, 30 దగ్గరకొస్తే ఇంక వదిలేస్తారు, అప్పటికి మిగిలేది ఎక్కువగా మెగ్నీషియం, దాంతో ఉప్పుకి చేదొస్తుంది. 1.24 అంటే ఆ గొట్టం మీద 28 డిగ్రీలు. డెడ్ సీలో ఎక్కువ భాగం మెగ్నీషియం క్లోరైడే, మనం వంటలో వేసుకునే ఉప్పు దాని తర్వాతే. లెక్కలు కట్టి నేను చెప్పాల్సిన మాట అమ్మ నాలుకతో చెప్పేసింది.

ఒడ్డుకొచ్చాక ఒక టీచరమ్మ అడిగింది, "ఇక్కడ భూమ్యాకర్షణ తక్కువా మాస్టారూ, అందుకేనా తేలుతున్నాం" అని. చాలామంది ఇలాగే అనుకుంటారు, నిజానికి పూర్తిగా ఉల్టా. ఆకర్షణ ఉంది కాబట్టే తేలుతున్నాం. నీళ్లని భూమి కిందకి లాగితేనే లోతుకెళ్లేకొద్దీ ఒత్తిడి పెరిగేది, మన వీపు కింద ఒత్తిడి ఎక్కువ పొట్ట మీద తక్కువ, ఆ తేడానే మనల్ని ఎత్తేది. ఆకర్షణ సగమైనా మన బరువూ సగమవుతుంది, ఎత్తే బలమూ సగమవుతుంది, అంతే మేర మునుగుతాం, చంద్రుడి మీద ఇలాంటి చెరువుంటే అమ్మ మోకాళ్లు అక్కడా ఇంతే బయటికుండేవి. అసలు బరువే తెలియని స్పేస్ స్టేషన్‌లో అయితే పైకి లేవడం అన్న మాటే లేదు, అక్కడ మంట వెలిగించి చూస్తే మన దగ్గరలా పొడుగ్గా లేవలేదు, గుండ్రంగా ఉండిపోయింది, వేడి గాలి ఎటు పోవాలో దానికి తెలియదు మరి.

పాతకాలం రోమన్లు ఈ సరస్సుని తారు సరస్సు అనేవాళ్లు. అడుగునుంచి తారు గడ్డలు ఊడి పైకి తేలేవి, భూకంపాలప్పుడు మరీ పెద్దవి. తారు మంచినీళ్ల కన్నా కొంచెం బరువే, వేరే చెరువైతే అడుగునే ఉండిపోయేది. ఈజిప్టు వాళ్లు మమ్మీలకి కూడా వాడారు దాన్ని.

నీళ్లలో కూడా దొంతర్లుంటాయని ఈ సరస్సే బాగా చూపించింది. కొన్ని వందల ఏళ్లు పైన కాస్త తేలిక నీళ్లు, అడుగున చిక్కటి నీళ్లు, రెండూ కలవకుండానే ఉన్నాయి. నది నీళ్లు వ్యవసాయానికీ తాగడానికీ మళ్లించాక పైపొర కూడా ఉప్పెక్కి బరువెక్కింది, చివరికి 1979లో కిందా మీదా కలిసిపోయాయి. 1960ల్లో సముద్ర మట్టానికి 395 మీటర్ల కింద ఉన్న నీటిమట్టం ఇప్పుడు ఏడాదికి మీటరు చొప్పున దిగుతోంది, దక్షిణాన పొటాష్ కోసం ఎండగట్టడం ఒక కారణం. పాత ఒడ్డు ఎక్కడో పైన కనపడుతుంది, అక్కడ్నుంచి నీళ్ల దాకా మెట్లు దిగీ దిగీ టీచరమ్మల మోకాళ్లు పట్టేశాయి.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. ముందు రోజు గెడ్డం గీసుకోవద్దు, కాలి మీద చిన్న గీత ఉన్నా మంట నషాళానికంటుతుంది, మా బ్యాచ్‌లో ఒకాయన మాట వినకుండా బోర్లా తిరిగాడు, కాళ్లు పైకి తేలి మొహం నీళ్లలోకి పోయింది, తిప్పుకోలేక ఇద్దరు పట్టి లేపాల్సొచ్చింది, అక్కడ మునగరు గానీ మొహం నీళ్లలో పడితే ప్రాణం పోవచ్చు. బయటికొచ్చాక ఒళ్లంతా నూనె రాసినట్టు జిడ్డుగా ఉంటుంది, మంచినీళ్ల షవర్ రెండుసార్లు చేస్తే గానీ వదలదు. అమ్మాన్‌లో సగం బాటిల్ మూత బిగించి దగ్గర పెట్టుకోండి, పిల్లలుంటే దారంతా వాళ్లకి అదే పని.