నేనేమన్నా మీ క్లయింట్‌నా తమ్ముడూ?

పోయినేడు డిసెంబర్ 24 సాయంత్రం, ఆఫీసు లాప్‌టాప్ మూసేసిన ఊపులో, ఫోన్‌లో ఉన్న వాళ్ళందరికీ ఒకే మెసేజ్ కొట్టేశాను. మంచు రాలుతున్న బొమ్మ, కింద బంగారు రంగు అక్షరాల్లో 'హ్యాపీ హాలిడేస్'. టీమ్ వాళ్ళు, పిల్లల స్కూల్ వాళ్ళు, పక్కింటి వాళ్ళు, మనవాళ్ళు, అందరికీ అదే. రెండు నిమిషాలు తిరక్కుండానే గుంటూరు అన్న దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

"ఏం తమ్ముడూ, నేనేమన్నా మీ క్లయింట్‌నా?"

ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ఆయన నాకు బంధువేమీ కాదు. ఇక్కడ డాలస్ పక్కన మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. పన్నెండేళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ళింట్లోనే మా భోజనం. తరాలుగా లూథరన్ క్రైస్తవ కుటుంబం, ఇంటి ముందు నక్షత్రం కట్టడానికి ఇప్పటికీ గుంటూరు నుంచి తెప్పించుకున్న కాగితం నక్షత్రమే కావాలాయనకి. అలాంటి మనిషికి, తెల్లవారితే పండగ అనగా, హెచ్‌ఆర్ వాళ్ళు పంపినట్టు మెసేజ్ పెట్టాను!

ఇలా ఎందుకు తయారయ్యానా అని ఆలోచిస్తే, తప్పంతా ఆ మాటది కాదు. ఆఫీసులో ఏడాది చివరి మెయిల్ రాసేది నేనే. టీమ్‌లో పద్నాలుగు మంది. ఒకాయన యూదుడు, ఇద్దరు ముస్లింలు, ఒకావిడ ఇథియోపియా ఆర్థడాక్స్ క్రిస్టియన్, ఆవిడ క్రిస్మస్ జనవరి 7న. ఒకడికి దేవుడూ లేడు, దయ్యమూ లేదు. మిగతా వాళ్ళవి నాకు తెలీదు, తెలుసుకోవడం నా పనీ కాదు. వీళ్ళందరికీ కలిపి ఒక్క మెయిల్ రాయాలంటే 'హ్యాపీ హాలిడేస్' అనే రాస్తాను, ఇప్పటికీ అదే రాస్తున్నాను, అందులో పిరికితనం ఏమీ లేదు. పదిమందికి ఒకేసారి చెప్పేటప్పుడు అందరికీ సరిపోయే మాట వెతుక్కుంటాం. నేను చేసిన వెధవ పని ఏంటంటే, ఆ పదిమంది మాటని ఎత్తుకెళ్ళి ఒక్క మనిషి చేతిలో పెట్టడం.

ఇక్కడ డిసెంబర్ వచ్చిందంటే చాలు, టీవీలో 'క్రిస్మస్ మీద యుద్ధం' అని ఒక గోల మొదలవుతుంది. దుకాణాల్లో మెర్రీ క్రిస్మస్ అనడం లేదట, క్రీస్తుని పక్కకి నెట్టేస్తున్నారట. మా టెక్సాస్‌లో అయితే 2013లో దీనికోసం ఏకంగా చట్టమే చేశారు. స్కూళ్ళలో పిల్లలు, టీచర్లు 'మెర్రీ క్రిస్మస్', 'హ్యాపీ హనుకా', 'హ్యాపీ హాలిడేస్' చెప్పుకోవచ్చు అని గవర్నర్ రిక్ పెర్రీ సంతకం పెట్టాడు. శుభాకాంక్షలు చెప్పుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వడం ఏంట్రా నాయనా అని అప్పట్లో నేనూ మా ఆవిడా తెగ నవ్వుకున్నాం. కానీ స్కూల్ మీద ఎవరైనా కేసు వేస్తారేమో అని భయపడే టీచరమ్మ వైపు నుంచి చూస్తే అది అంత నవ్వులాట కాదని తర్వాత అర్థమైంది. అసలు జనం ఏమనుకుంటున్నారని ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్ళు 2017లో అడిగితే, దుకాణంలో ఏ మాట చెప్పినా మాకొకటే అన్నవాళ్ళు 52 శాతం. సగం మందికి పట్టని విషయం మీద టీవీలో నెలంతా కొట్టుకుంటారు.

ఇంకా పాతది తవ్వితే మరీ తమాషా. 1659లో మసాచుసెట్స్‌లో క్రిస్మస్ జరుపుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా. పెట్టింది నాస్తికులు కాదు, పరమ నిష్ఠ గల ప్యూరిటన్ క్రైస్తవులు! బైబిల్లో లేని పండగ, తాగి తందనాలాడటానికి సాకు అని వాళ్ళ కోపం. 1681 దాకా ఆ చట్టం ఉంది. ఇక 'హాలిడే' అన్న మాట పుట్టిందే 'హోలీ డే' లోంచి, అంటే పవిత్రమైన రోజు. కాబట్టి దేవుణ్ణి తీసేద్దామని హాలిడే అన్నవాడూ, దేవుణ్ణి తీసేశారని హాలిడే మీద పళ్ళు నూరేవాడూ, ఇద్దరూ తప్పులోనే కాలేశారు. ఇది అన్నకి చెప్తే ఆయన దగ్గర ఇంకో మాట ఉంది. "1842లో అమెరికా నుంచి ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు దాకా వచ్చి మా పెద్దోళ్ళకి క్రిస్మస్ సంగతి చెప్పాడు. మేం నమ్మి ఇంత దూరం వస్తే ఇక్కడ మీరంతా హ్యాపీ హాలిడేస్ అంటున్నారు. ఎవరికి చెప్పుకోవాలి?"

పేరు పెట్టి చెప్తే సరిపోతుందా అంటే అదీ కాదు. మా టీమ్‌లో యూదు పెద్దాయన ఉన్నాడన్నాను కదా. ఆయనకి ప్రతి డిసెంబర్ 25న ఎవరో ఒకరు మొహం వెలిగిపోతూ 'హ్యాపీ హనుకా' చెప్తారు. హనుకా మన దీపావళిలాగే తేదీ మారే పండగ, ఎనిమిది రోజులు. 2024లో సరిగ్గా క్రిస్మస్ సాయంత్రమే మొదలైంది. 2025లో అయితే డిసెంబర్ 14న సాయంత్రం మొదలై 22కి అయిపోయింది కూడా. పైగా అది వాళ్ళకి మరీ పెద్ద పండగ కాదట, కొత్త సంవత్సరం రోష్ హషానా, పాస్ఓవర్ పెద్దవట. క్రిస్మస్ పక్కన పడ్డందుకు అమెరికాలో దానికి ఇంత హోదా వచ్చింది. సెప్టెంబర్‌లో మా అసలు పండగ వెళ్ళిపోతే ఒక్కడికీ గుర్తుండదు అంటాడాయన. నాకు బాగా అర్థమైంది. నన్ను ఆఫీసులో హోలీకి రంగులు పూసి మరీ విష్ చేస్తారు, మా తెనాలిలో చిన్నప్పుడు హోలీ ఎప్పుడొచ్చిందో ఎప్పుడెళ్ళిందో కూడా తెలిసేది కాదు. ఉగాది నాడు మాత్రం రోజూ పొద్దున ఉండే మామూలు స్టాండప్ మీటింగే.

మనకి తెలుగులో ఇలాంటి చప్పటి మాట ఒకటి ఉందా అని చూశాను. 'పండగ శుభాకాంక్షలు' ఉంది. కానీ అది చప్పటిది కాదు, చిత్రంగా దానికి పూర్తిగా వ్యతిరేకం. మా వైపు "పండక్కి వస్తున్నావా?" అంటే సంక్రాంతే, ఇంకోటి కాదు. నా రూమ్మేట్ కరీంనగర్ వాడు, వాడు "పండక్కి ఊరెళ్తున్నా" అంటే బతుకమ్మ, దసరా. గుంటూరు అన్న ఇంట్లో "పండక్కి బట్టలు తీశారా?" అంటే క్రిస్మస్. ఏ పండగో ఎవరూ చెప్పరు, అడగరు, అడిగితే పరాయివాడు అన్నమాట. ఇక్కడ పేరు తీసేసేది ఎదుటివాడిది ఏ పండగో తెలీక. అక్కడ పేరు తీసేసేది తెలుసు కాబట్టి.

(మెర్రీ అన్న మాట కూడా మా ఊళ్ళో ఎవరూ అనగా వినలేదు, హ్యాపీ క్రిస్మస్సే. మెర్రీ గ్రీటింగ్ కార్డుల మీద మాత్రమే ఉండేది.)

తెనాలిలో మా వెనక ఇంట్లో టీచరుగారు ఉండేవారు. డిసెంబర్‌లో రాత్రి పదకొండింటికి గిటారు, డప్పుతో క్యారల్స్ వాళ్ళు ఆవిడ ఇంటి ముందు పాడి వెళ్ళేవాళ్ళు, మళ్ళీ తెల్లవారుజామున నాలుగున్నరకి ఇటు గుడి మైకులో తిరుప్పావై. నెలంతా మాకు నిద్ర అంతంతే, ఎవరి మీదా ఫిర్యాదు మాత్రం లేదు. టీచరుగారు ప్రసాదం తీసుకోరు. ఆ మాట ఆవిడ ఎప్పుడూ నోటితో చెప్పలేదు, అమ్మే ఎప్పుడో గమనించింది. అందుకని వినాయక చవితి నాడు పులిహోర కలపగానే, దేవుడి దగ్గర పెట్టకముందే, ఒక స్టీలు గిన్నెలో తీసి మూత పెట్టి నా చేతికిచ్చేది. "పూజ అవ్వలేదని చెప్పు, ఉత్త పులిహోరని చెప్పు." నాయనమ్మ గొణిగేది, దేవుడికి పెట్టకుండా ముందు తీస్తావేంటే అని. అమ్మ పోపు గరిటె పక్కన పెడుతూ అనేది, "దేవుడేం అనుకోడు అత్తయ్యా, ఆవిడే ఇబ్బంది పడుతుంది."

క్రిస్మస్‌కి అదే గిన్నె తిరిగొచ్చేది. నాయనమ్మకి కేకులో గుడ్డు ఉంటుందని అనుమానం, ముట్టుకునేది కాదు. టీచరుగారు మాకు కేకు, ఆవిడకి విడిగా నేతి అరిసెలు పంపేవారు, మీద చిన్న కాగితం ముక్క, 'పెద్దమ్మగారికి'. ఆ కాగితం మీద ఏ శుభాకాంక్షలూ ఉండేవి కావు.

ఇప్పుడు మా ఊరి వాట్సాప్ గ్రూపులో డిసెంబర్ మూడోవారం నుంచి ఫార్వర్డులు మొదలవుతాయి. క్రిస్మస్ విషెస్ చెప్పడం అంటే మన ధర్మం వదిలేసినట్టే అని ఒకటి. అటువైపు నుంచీ ఉన్నాయిలెండి, అన్యుల పండగలకి శుభాకాంక్షలు చెప్పకూడదని దీపావళికి తిరిగేవి అన్న చూపించాడు. రెండూ చదివితే రాసినవాడు ఒకడేనేమో అనిపిస్తుంది, దేవుడి పేర్లు మార్చాడంతే. నేను గ్రూపులో వాదించను, మ్యూట్ చేసి కూర్చుంటాను. అది గొప్పతనం ఏమీ కాదు, ఓపిక లేక.

మా ఎదురింట్లో ఒక టెక్సాస్ పెద్దావిడ ఉండేది. కొత్తలో ఆవిడ మెర్రీ క్రిస్మస్ అంటే నేను బుద్ధిగా ఆఫీసులో నేర్పినట్టు హ్యాపీ హాలిడేస్ అన్నాను. ఆవిడ మొహం కాస్త ముడుచుకుంది. తర్వాతి దీపావళికి గుమ్మంలో దీపాలు పెడుతుంటే రోడ్డు దాటి వచ్చి, "ఇవాళ నేను మీకు ఏమని చెప్పాలి?" అని అడిగింది. చెప్పాను. నాలుగుసార్లు పలికి చూసుకుంది, ఐదోసారి 'దివాలి' దాకా వచ్చింది, చాలు. ఆ డిసెంబర్‌లో ఆవిడ కంటే ముందే నేనే మెర్రీ క్రిస్మస్ చెప్పాను. ఇప్పుడు ఆవిడ కూతురి ఊరికి వెళ్ళిపోయింది, ఏటా కాగితం కార్డు పంపిస్తాను. 2016లో ఇక్కడి పోస్టాఫీసు దీపావళి స్టాంపు తెచ్చినప్పుడు ఉత్సాహంలో షీట్లు షీట్లు కొనేశాను, బంగారు రంగు మీద ప్రమిద బొమ్మ. 'ఫరెవర్' స్టాంపులు కాబట్టి రేట్లు ఎంత పెరిగినా ఇంకా చెల్లుతున్నాయి. అలా ఆవిడ క్రిస్మస్ కార్డులన్నీ దీపావళి స్టాంపుతోనే వెళ్తున్నాయి. కావాలని చేస్తున్నాను అనుకుంటుందేమో, నిజానికి అయిపోవడం లేదు.

ఈ ఏడాది ఆఫీసు మెయిల్ నిన్ననే పంపేశాను, అదే హ్యాపీ హాలిడేస్. అన్నకి మాత్రం ఇవాళ మధ్యాహ్నం విడిగా రాశాను, బొమ్మలూ మంచూ ఏమీ లేకుండా. "హ్యాపీ క్రిస్మస్ అన్నా. వదినకి కూడా చెప్పు. రేపు పండక్కి ఎన్నింటికి రమ్మంటావు?"

"చర్చి అయ్యేసరికి ఒంటిగంట అవుద్ది, రెండింటికి రండి. అరిసెల పాకం ముదిరింది తమ్ముడూ, పళ్ళు జాగ్రత్త. వదిన అడిగితే మాత్రం బాగున్నాయని చెప్పు."